ముందు మాట తీయండి, బొమ్మ తర్వాత

ప్రశ్న: అల్లూరు మండలంలో హైస్కూల్ సోషల్ టీచర్‌ని. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇస్కపల్లి ఉప్పు మళ్ల మీద మూడు నిమిషాల వీడియో తీస్తామంటే ఒక మధ్యాహ్నం తీసుకెళ్లాను. గంటకు పైగా తీశారు. చూస్తే మనుషుల ముఖాలన్నీ నల్లగా ఉన్నాయి, గాలి హోరులో మాటలు వినబడటం లేదు. ఉన్నది నా ఫోన్ ఒక్కటే, దానికోసం పిల్లల మధ్య గొడవ. ఎడిటింగ్‌లో ఏమైనా బాగవుతుందా?

జవాబు: కాదు టీచర్ గారూ. ముఖాలను కొంచెం తేల్చవచ్చు గానీ, గాలిలో కొట్టుకుపోయిన మాట తిరిగి రాదు. నేను కావలిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మనిషిని. బొమ్మ అటూ ఇటూ అయినా పెళ్లివారు ఊరుకుంటారు. తాతగారు దీవించిన మాట వినబడకపోతే మాత్రం బాకీ డబ్బులు ఆపేస్తారు. అందుకే చెప్తున్నా, మళ్లీ వెళ్లండి. ఈసారి ముందు మాట రికార్డు చేయించండి, బొమ్మలు తర్వాత.

ఊరందరి గురించీ వద్దు, ఉప్పు తీసే ఒక్క మనిషి చాలు. సాయంత్రం వాళ్లింటికి ఇద్దరు పిల్లల్నే తీసుకెళ్లండి. ఎంతమంది పోతే అంత గుసగుస. గదిలో ఫ్యాను ఆపి, ఫోన్‌ను ఆ మనిషి నోటికి జానెడు దూరంలో పెట్టి, వాయిస్ రికార్డర్ ఆన్ చేస్తే చాలు, మైకు కొనక్కర్లేదు. "ఉప్పు ఎలా తయారవుతుంది?" అని అడిగారంటే పాఠం అప్పజెప్తారు. "ఈ పూట ఉప్పు లాగొచ్చని నీకెట్లా తెలుస్తుంది పెద్దమ్మా?", "ఉన్నట్టుండి వానొస్తే ఏం చేస్తావు?" అని అడగమనండి. ఉప్పు నీటి చిక్కదనాన్ని కొలిచే బామే కొలతలో సముద్రపు నీరు సుమారు 3 డిగ్రీలుంటుంది. ఒక మడి నుంచి ఇంకో మడికి మారుతూ ఎండకు చిక్కబడి, 25 డిగ్రీల దగ్గరికొస్తే గానీ ఉప్పు పేరదు. ఆ లెక్క మీ సైన్సు టీచర్ కూడా చెప్తారు. మడి గట్టు మీద నిలబడి ఏం చూసి పోల్చుకుంటారో ఆ పెద్దమ్మే చెప్పాలి. వీడియోకి కావలసింది అదే.

ఆ మాటలన్నీ పిల్లల చేత కాగితం మీద రాయించండి. అందులోంచి రెండున్నర నిమిషాల మాట ఎంచుకుని, ఒక్కో వాక్యం ఎదురుగా దానికి కావలసిన బొమ్మ రాయించండి: చేతులు, పాదాలు, చెక్క పలకతో ఉప్పు లాగడం, కుప్ప, లారీ. ఇరవై బొమ్మలు దాటవు, కాబట్టి గంట సేపు తీసే పనే ఉండదు. గొడవ కూడా ఇక్కడే తీరుతుంది. కాగితం చూసి ఏం తీయాలో చెప్పే పిల్లదే ఆ రోజుకి డైరెక్టర్, ఫోన్ పట్టినవాళ్లు తను చెప్పింది తీయాలి. నాలుగు బొమ్మలకోసారి ఫోన్ చేతులు మారాలి. మా పెళ్లిళ్లలో ఇలాంటి కాగితం ఉంటే నాకు సగం తలనొప్పి తగ్గేది.

ముఖాలు నల్లబడటం ఫోన్ లోపం కాదు. ఉప్పు, నీళ్లు, ఆకాశం అన్నీ మెరుస్తుంటే, వెలుతురు ఎక్కువైందనుకుని ఫోన్ మొత్తం బొమ్మనే చీకటి చేస్తుంది. తెర మీద ముఖం దగ్గర వేలుతో కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు రెండూ అక్కడే లాక్ అవుతాయి. మధ్యాహ్నం అసలు వద్దు. పొద్దున్నే వెళ్లి, సముద్రం మీ వీపు వైపు ఉండేలా నిలబడితే ఎండ ఎదుటి మనిషి ముఖం మీద పడుతుంది. అప్పటికి సముద్రపు గాలి కూడా లేవదు. ఫోన్ అడ్డంగా పట్టాలి, లేకపోతే బడిలో ప్యానెల్ మీద వేసినప్పుడు రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. జూమ్ ముట్టుకోకుండా దగ్గరికి నడవాలి. మోచేతులు డొక్కలకు ఆనించి ఒక్కో బొమ్మ పది సెకన్లు కదలకుండా తీయాలి. వీడియో నాణ్యత 4కే (4K)లో పెట్టొద్దు, 1080 చాలు. 1080 అయినా నిమిషానికి 100 ఎంబీకి అటూ ఇటూగా ఫోన్‌లో జాగా తింటుంది.

ఇక ఎడిటింగ్ ఒక సాయంత్రం పని. ముందు మాట పరిచి, కాగితం ప్రకారం దాని మీద బొమ్మలు పేర్చడమే. బడి కంప్యూటర్‌లో ఓపెన్‌షాట్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా వేసుకోవచ్చు. ఒక్కటి మాత్రం బతిమాలుకుంటున్నా, గాంధీగారి ఫొటోతో, 1930 దండి యాత్రతో మొదలుపెట్టనివ్వకండి. ఉప్పు మీద బడి వీడియో అంటే అందరూ అక్కణ్నుంచే ఎత్తుకుంటారు. సత్యాగ్రహం గురించి చెప్పి తీరాలంటే, ఒంగోలు దగ్గర దేవరంపాడులో ప్రకాశం పంతులుగారు నడిపిన శిబిరం గురించి ఒక్క వాక్యం పెట్టండి, చాలు.

ప్రశ్న: మా అబ్బాయి స్కూల్ వీడియోకి సినిమా పాట పెట్టాడు. యూట్యూబ్‌లో పెట్టొచ్చా? (ఒంగోలు నుంచి ఒక తండ్రి)

జవాబు: పెట్టొద్దండీ. బడి కార్యక్రమంలో టీచర్లు, పిల్లలు, తల్లిదండ్రుల ముందు పాట వినిపించడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. యూట్యూబ్‌కి అది వర్తించదు. హక్కులున్న పాటల్ని దానంతటదే గుర్తుపట్టే కంటెంట్ ఐడి అనే ఏర్పాటు అక్కడ ఉంది, అది పాటను పట్టేస్తుంది. హక్కుదారు ఇష్టాన్ని బట్టి వీడియో ఆగిపోవచ్చు, ప్రకటనల డబ్బు వాళ్లకు పోవచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది, వాడుకోమనండి. ఇంకో మాట, వీడియోలో వేరే పిల్లల ముఖాలు కనిపిస్తుంటే వాళ్ల తల్లిదండ్రుల్ని అడిగాకే పైకి ఎక్కించండి. అప్పుడు కూడా లింకు ఉన్నవాళ్లే చూడగలిగే అన్‌లిస్టెడ్‌లో పెట్టి, లింకు వాళ్లకే పంపితే మంచిది.