తొలి రికార్డింగులు అమ్మాలా, పంచాలా: మేనకోడలికి ఒక లేఖ

నెల్లూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. ఉభయకుశలోపరి.

నువ్వు ఒంగోలు నుంచి పంపిన ఆరు పాటలనూ రెండు మార్లు విన్నాను. మొదటిసారి శ్రుతి ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారింది అని చూసుకొంటూ విన్నాను. రెండోసారి మీ అత్త పక్కన కూర్చొని ఏమీ వెతకకుండా విన్నాను. మూడో పాటలో చరణం ఎత్తుకొనే ముందు నువ్వు తీసుకొన్న ఊపిరి కూడా రికార్డులో పడింది. దాన్ని తీసేయించవద్దు. ఇక నువ్వు అడిగిన సంగతికి వస్తాను. ఒక ఆడియో సంస్థవారు ఆరు పాటలకూ కలిపి 15,000 రూపాయలు ఒకేసారి ఇచ్చి సర్వహక్కులూ తీసుకొంటామన్నారనీ, నీ స్నేహితులేమో అమ్మకం మాట ఎత్తకుండా అందరికీ ఉచితంగా పెట్టేయమంటున్నారనీ, ఏది మంచిదో తేల్చి చెప్పమనీ రాశావు. పాట వినే అవకాశాన్ని ధారాళంగా పంచు, పాట మీది హక్కును మాత్రం ఎవరికీ రాసివ్వకు అన్నది నా మాట. అయితే పంచే ముందు అందులో నీ సొత్తు ఎంతో తేల్చుకోవాలి. తొందరలో అందరూ మరిచిపోయేది అదే కనుక ముందుగా దాని గురించే రాస్తాను.

వయొలిన్, మృదంగం వాయించిన ఆ ఇద్దరు పిల్లలకు ఎంత ముట్టజెప్పావో నీ ఉత్తరంలో లేదు. నీ గొంతు నీది, దాన్ని ఉచితంగా ఇచ్చుకోవడానికి నిన్ను ఎవరూ కాదనరు. కానీ చీరాల నుంచి మృదంగాన్ని ఒళ్లో పెట్టుకొని బస్సులో వచ్చి, రాత్రి పదింటిదాకా వాయించి వెళ్లిన పిల్లవాడి శ్రమను నీ దానంలో కలిపి లెక్కవేయడం న్యాయం కాదు. ముందు వారి చేతిలో డబ్బు పెట్టు. ఆ తరువాత ఏ పాటకు ఎంత ముట్టింది, ఉచితంగా పెట్టడానికి వారి సమ్మతి ఉందా, రేపు అమ్మితే వచ్చినదానిలో ఎవరి భాగం ఎంత అన్నది ఒక కాగితం మీద రాసుకొని ముగ్గురూ సంతకాలు చేయండి. మన కాపీరైటు చట్టం 1957 నాటిదైనా, పాడినవారికీ వాయించినవారికీ ప్రదర్శకుల హక్కు అనేది 1994 సవరణతోనే వచ్చింది. ఇప్పుడు దాని గడువు 50 ఏళ్లు. నా తరం పక్కవాద్యగాళ్లు ఎందరో ఆ హక్కు ఒకటుందని తెలియకుండానే వెళ్లిపోయారు, అందుకే ఇంత పట్టుబట్టి చెప్తున్నాను.

పాటల సంగతి కూడా అలాంటిదే. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు కనుక నువ్వు పాడిన ఆయన కృతులు రెండూ ఎవరి అనుమతీ లేకుండా పాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అన్నమయ్య కీర్తన దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. మాటలు అయిదు వందల ఏళ్లనాటివి, నిజమే. కానీ ఈనాడు మనం పాడుతున్న బాణీలలో చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నెడునూరి కృష్ణమూర్తిగారు వంటి పెద్దలు నిన్నమొన్న కట్టినవి. బాణీ కట్టినవారికి జీవితకాలమూ, వారు గతించిన తరువాత 60 ఏళ్లూ హక్కు ఉంటుంది. నువ్వు పాడిన బాణీ ఎవరిదో నీకు పాఠం చెప్పిన గురువుగారిని అడిగి తెలుసుకో. తెలియకపోతే దాన్ని ఇంట్లో పాడుకో, రికార్డుల జాబితాలో మాత్రం చేర్చకు. అయిదోదైన ఆ పాత సినిమా పాటను అమ్మకానికి పెట్టనే వద్దు. మన నెల్లూరువాడని చెప్పుకొని మనం మురిసిపోయే బాలుగారికే, ఇళయరాజాగారు బాణీ కట్టిన పాటలను కచేరీలలో అనుమతి లేకుండా పాడుతున్నారని 2017లో ఆయన తరఫున లాయరు నోటీసు వెళ్లింది. ఆ రోజుల్లో మా వీధిలో అదే చర్చ. ఎవరిది ఒప్పు అన్నది నేను తేల్చలేను కానీ, పాడిన గొంతు వేరు, పాట మీది హక్కు వేరు అని ఊరందరికీ ఆ రోజే తెలిసింది.

హక్కు రాసివ్వవద్దని ఇంత గట్టిగా అనడానికి నా అనుభవం కారణం. 1986లో నేను మద్రాసు వెళ్లి ఎనిమిది రామభజన పాటలు పాడాను. క్యాసెట్టు వేసిన సంస్థవారు 2,500 రూపాయలూ, యాభై క్యాసెట్లూ ఇచ్చి, ఇంగ్లీషులో టైపు చేసిన ఒక పేజీ నా ముందు పెట్టారు. సాయంత్రం రైలు అందుకోవాలన్న తొందరలో చదవకుండానే సంతకం పెట్టాను. శాశ్వతంగా, అన్ని రూపాలలో అని అందులో ఉన్నట్లు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఆ పాటలు తరువాత సీడీగా వచ్చాయి, అట్ట మీద నా పేరు లేదు. కొన్నేళ్ల కిందట మీ అత్త ముచ్చటపడితే వాటిలో ఒకదాన్ని యూట్యూబులో పెట్టాను. మూడో రోజుకల్లా అది వేరొకరి సొత్తని తీసేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలభై ఏళ్ల నాటి నా గొంతును నా మనవలకు వినిపించాలంటే నేను ఇంకొకరి అనుమతి అడగాలి.

కాబట్టి వారి ఒప్పందంలో ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి, ఏ రూపంలో అన్న మూడు మాటలూ వెతుకు. ఇవి రాయకుండా వదిలేస్తే చట్టం నీ వైపే ఉంది: కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. ఆ సంగతి వారికీ తెలుసు కనుకనే శాశ్వతంగా, ప్రపంచమంతటా అని రాస్తారు. నీ స్నేహితురాలు రాసి, నువ్వు బాణీ కట్టిన చివరి పాట విషయంలో ఇంకొకటి గుర్తుంచుకో. 2012 సవరణ తరువాత, రాసినవారు గాని బాణీ కట్టినవారు గాని పాట వాడుకొన్నప్పుడల్లా రావలసిన తమ రాయల్టీ వాటాను వదులుకొన్నట్లు సంస్థ రాయించుకొన్నా అది చెల్లదు. స్టూడియో అద్దె నువ్వే కట్టావు కదా, ఆ రసీదును భద్రంగా దాచు. చొరవ తీసుకొని బాధ్యత వహించి రికార్డు చేయించినవారే దానికి నిర్మాత అని చట్టం చెప్తుంది, అది నువ్వేనని చూపడానికి ఆ చిన్న కాగితమే ఆధారం.

ఇక ఉచితం మాట. సంగీతాన్ని అమ్ముకోవడం ఏమిటి, త్యాగయ్య అమ్ముకొన్నారా అని నిన్ను అడిగేవారుంటారు. ఆయన పూర్వీకులు మన ప్రాంతపు కాకర్ల నుంచి తరలివెళ్లినవారని చెప్తారు కనుక మనవాళ్లు ఆ మాట మరీ హక్కుగా అంటారు. ఆయన ఉంఛవృత్తికి బయలుదేరితే గడపగడపకూ పిడికెడు బియ్యం పాత్రలో పడేవి. ఆ పాటను ఆ వీధి పోషించింది. నీ పాటను ఉచితంగా దించుకొనే ఫోనులో నుంచి పిడికెడు బియ్యం రాలవు. అందువల్ల కొంత పంచి, కొంత అమ్మడంలో సిగ్గుపడవలసినది లేదు.

ఆ యాభై క్యాసెట్లలో ముప్పై నేను ఒక పెళ్లిలో బంధువులకు ఊరికే పంచాను. పదేళ్ల తరువాత ఒక ఇంటి బీరువాలో నా క్యాసెట్టు సీలు కూడా విప్పకుండా కనిపించింది. మిగిలిన ఇరవైని బుచ్చిరెడ్డిపాళెం కోదండరామస్వామి తిరునాళ్లలో ఒక దుప్పటి పరిచి, ఒక్కొక్కటి ఇరవై రూపాయలకు అమ్మాను. ఒక రైతు వచ్చి క్యాసెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, మొదటి పాట రెండు చరణాలు పాడించుకొని, తల ఊపి, అప్పుడు రొంటిన దోపుకొన్న నోటు తీశాడు. మరుసటి ఏడు శ్రీరామనవమికి ఆయనే బండి కట్టించి నన్ను వాళ్ల ఊరు తీసుకుపోయాడు. డబ్బు పెట్టి కొన్నవాడు విన్నాడు. అది నేను కళ్లారా చూసినది.

అయినా నీ కాలం వేరు. కొత్త గొంతును ముందు వినకుండా ఎవరూ కొనరు కనుక, నీ ఆరింటిలో త్యాగరాజ కృతులు రెండింటినీ ఉచితంగా పెట్టు. వాటి నుంచి పెద్దగా ఆదాయం ఆశించకు. స్పాటిఫైలో ఏడాదికి 1,000 సార్లు వినిపించని పాటకు అసలు డబ్బు లెక్కే కట్టరు. యూట్యూబులో ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది చందాదారులూ, ఏడాదిలో 4,000 గంటల వీక్షణం గాని, దానికి సాటిగా షార్ట్స్ అనే చిన్న వీడియోల వీక్షణలు గాని ఉండాలి. ఆ పాటలు నీకు తెచ్చిపెట్టవలసినవి కచేరీలు. దసరా పందిళ్లవారికి, నవమి ఉత్సవాలవారికి, దేవస్థానాలవారికి వాటిని నువ్వే స్వయంగా పంపు.

పంపే ప్రతి పాట మొదట్లో నీ పేరూ, ఊరూ, పక్కవాద్యాలవారి పేర్లూ నీ గొంతుతోనే చెప్పి రికార్డు చెయ్యి. వాట్సాపులో పాట చేతులు మారిన కొద్దీ ఫైలు పేరు పోతుంది, అట్ట పోతుంది, లోపల చెప్పిన మాట మాత్రం పోదు. నా పాటకు పేరు లేకుండా పోయింది కనుక ఇది నాకు పెద్ద విషయం. అలాగే తీసుకొన్నవారు ఎవరో తెలుసుకో. మన నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగనాడు రొట్టె ఇచ్చేవారూ పుచ్చుకొనేవారూ నీళ్లలో ఎదురెదురుగా నిలబడతారు, ఒకరి ముఖం ఒకరు చూసుకొంటారు. పాట అడిగినవారి ఫోను నంబరు వారి ఇష్టంతోనే రాసుకొని, తరువాతి కచేరీకి పిలువు.

నీ సొంత పాటలు రెండింటినీ మాత్రం ఉచితంగా పెట్టకు. కచేరీ ముగిశాక జనం లేచి నీ దగ్గరికి వచ్చే ఆ పావుగంటలో, క్యూఆర్ కోడు ముద్రించిన అట్టముక్క ఒకటి బల్ల మీద ఉంచి, ధర చెప్పి అమ్ము. ఎవరైనా బేరమాడితే తగ్గించు, కానీ ఊరికే ఇవ్వకు. ఎంతమంది కొన్నారో రాసి పెట్టుకొంటే ఏ పాట నిలబడుతుందో నీకే తెలుస్తుంది. ఆరు పాటల అసలు రికార్డింగులనూ, ఒక్కో వాద్యం విడివిడిగా ఉన్న ట్రాకులతో సహా, స్టూడియోలో వదిలేయకుండా రెండు హార్డ్ డిస్కులలో తెచ్చుకో. ఒకటి మా ఇంట్లో ఉంచు.

సంస్థవారికి జవాబు ఇచ్చే ముందు ఆ ఒప్పందం కాగితాన్ని పేజీ పేజీ ఫోటో తీసి నాకు పంపు. అయిదేళ్ల గడువుకూ, పేరు వేయడానికీ వాళ్లు ఒప్పుకొంటే ఆలోచిద్దాం. ఆ చీరాల పిల్లవాడికి డబ్బు ఇచ్చిన రోజున నాకు ఒక మాట రాయి.

ఇట్లు,
నీ మామయ్య