మావటి పనికి ఒప్పుకునే ముందు ఏనుగు కాగితాలు చూడండి

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. వయసు 25. డిగ్రీ అయ్యాక నాన్నతో పాటు పొలం చూసుకుంటున్నాను. ఏనుగులు మా చెరకును తొక్కేసినా వాటి మీద ఇష్టం పోలేదు. వాటిని సాకే పనే జీవనోపాధిగా పెట్టుకోవాలని ఉంది. అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చిన కుంకీ ఏనుగుల శిబిరంలో కావడిగా, అంటే మావటి సహాయకుడిగా, ఔట్‌సోర్సింగ్ పని దొరికేలా ఉంది, జీతం తక్కువ. పక్క రాష్ట్రంలో ఒక ప్రైవేటు యజమాని మాత్రం నెలకు 15 వేలు చేతికిస్తానంటున్నారు, ఏనుగుతో ఊరేగింపులకు, గృహప్రవేశాలకు తిరగాలట. మావటికి లైసెన్సు ఉండాలా? ఏనుగు ఎవరినైనా తొక్కితే నన్ను జైల్లో పెడతారా? నాకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు ఏం వస్తుంది?

జవాబు: లైసెన్సు సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. డ్రైవింగ్ లైసెన్సులాగా దేశమంతటా చెల్లే మావటి లైసెన్సు ఏదీ లేదు. కేరళ, తమిళనాడులకు పెంపుడు ఏనుగుల నిర్వహణపై సొంత నియమాలున్నాయి, అక్కడ పనిచేస్తే అవి మీకు వర్తిస్తాయి. మీరు అడగని ప్రశ్న ఒకటుంది, నా దృష్టిలో అదే అన్నిటికన్నా ముఖ్యం: మీరు చేయి వేయబోయే ఆ ఏనుగు చట్టప్రకారం ఎవరిది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఏనుగు మొదటి షెడ్యూలు జంతువు, అంటే చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే జాబితాలోది. గుడిలో పుట్టి పెరిగినా, పసిపిల్లలా మాట విన్నా ఆ హోదా మారదు. ఎవరైనా దాన్ని ఉంచుకోవాలంటే ఆ రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. పత్రం ఉన్నవాళ్లు కూడా దాన్ని అమ్మడానికి వీల్లేదు. సెక్షన్ 43 అమ్మకాన్నే కాదు, డబ్బు ప్రతిఫలంగా ఉన్న ఏ బదిలీనైనా నిషేధిస్తుంది. అందుకే అమ్మకాలు దానపత్రాల ముసుగులో, లీజుల ముసుగులో జరుగుతుంటాయి. ఈశాన్య రాష్ట్రాల నుంచి కొన్ని నెలల అనుమతి మీద తెచ్చి, గడువు దాటాక కూడా ఇక్కడే తిప్పుతుంటారు. నూరు రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న దానపత్రంతో ఏనుగు యాజమాన్యం మారదు.

దీనికీ మీకూ సంబంధం ఏమిటంటారా? అదే చట్టంలో సెక్షన్ 57 ఉంది. పెంపుడు వన్యప్రాణి ఒకరి స్వాధీనంలోనో, అదుపులోనో ఉందని కోర్టులో రుజువైతే, అది అక్రమ స్వాధీనమేనని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని చూపించుకోవలసింది నిందితుడే. అధికారులు వచ్చే వేళకు యజమాని ఊళ్లో ఉండకపోవచ్చు. గొలుసు పట్టుకుని, పక్కనే నిలబడి ఉండేది మీరు. మొదటి షెడ్యూలు జంతువుకు సంబంధించిన నేరానికి శిక్ష 3 ఏళ్లకు తగ్గకుండా 7 ఏళ్ల దాకా జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. నేను జీతగాణ్ణి మాత్రమే అని వాదించవచ్చు. ఆ వాదన గెలిచేసరికి ఎన్నేళ్లు పోతాయో చెప్పలేం.

కాబట్టి ఆ ప్రైవేటు యజమానిని ముందు అడగవలసింది జీతం గురించి కాదు, ధ్రువపత్రం గురించి. అది ఆయన పేరు మీదే ఉందా, ఎత్తు, ఆడ మగ, గుర్తులు ఎదురుగా ఉన్న ఏనుగుతో సరిపోతున్నాయా చూడండి. అందులోని మైక్రోచిప్ నంబరును పశువైద్యుడి చేత రీడరుతో చదివించి పోల్చండి. చిప్ నంబరు తేడా వచ్చిందంటే చచ్చిపోయిన ఏనుగు కాగితంతో ఇంకో ఏనుగును తిప్పుతున్నారేమోనని అనుమానించాలి. వేరే రాష్ట్రం నుంచి వచ్చినదైతే బదిలీకి, రవాణాకు ఇచ్చిన ఉత్తర్వులు అడగండి. 2024 మార్చిలో కేంద్రం పెంపుడు ఏనుగుల బదిలీ, రవాణా నియమాలు తెచ్చాక ఏనుగు జన్యు వివరాలు పర్యావరణ మంత్రిత్వశాఖ ఎలక్ట్రానిక్ యాప్‌లో నమోదై ఉండాలి. పత్రాలన్నీ లాయరు దగ్గరున్నాయని దాటవేస్తే అక్కడితో మాట ముగించి వచ్చేయండి. అన్నీ సరిగ్గా ఉంటే నకలు తీసుకుని, ఏనుగుతో ఊరు దాటిన ప్రతిసారీ దగ్గర పెట్టుకోండి.

ఇక ఏనుగు ఎవరినైనా తొక్కితే ఏమవుతుందన్న సంగతి. ఏనుగు మనిషిని చంపిందంటే మావటి నేరస్థుడు అని నేరుగా చెప్పే సెక్షన్ ఏదీ లేదు. ఉన్నదల్లా నిర్లక్ష్యం గురించే. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 5 ఏళ్ల దాకా జైలు. తీవ్ర గాయమైతే సెక్షన్ 125 కింద 3 ఏళ్ల దాకా. అదుపులోని జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త తీసుకోకపోతే, ఎవరికీ ఏమీ కాకపోయినా సెక్షన్ 291 కింద 6 నెలల దాకా. కేసు నిలబడేదీ కూలేదీ ఒక్క ప్రశ్న మీద: ముందుగా మీకు తెలిసిందేమిటి, తెలిశాక మీరు చేసిందేమిటి?

మగ ఏనుగుకు మదం వచ్చే ముందు కంటికీ చెవికీ మధ్య కణత ఉబ్బుతుంది, జిగురు కారుతుంది. తర్వాత మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతూ వెనక కాళ్లు తడిసి ఉంటాయి, మాట వినడం తగ్గుతుంది. ఇది వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది. అప్పటికే ముహూర్తం పెట్టుకున్నారు, అడ్వాన్సు తీసుకున్నాం అని యజమాని ఒత్తిడి చేసే సమయం సరిగ్గా అదే. ఆ మాట విని బయటికి తీసుకెళ్తే నిర్లక్ష్యం యజమానిదీ మీదీ కూడా. మదమే కాదు, కాలి కింద పుండు, నిద్రలేని ప్రయాణం, చెవి పక్కన డీజే, బాణసంచా కూడా ఏనుగును బెదరగొడతాయి. కనుక రోజూ ఒక డైరీ రాయండి: తేదీ, తిన్న మేత, పేడ, నడక, కణత, నడిపించిన దూరం. పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోలకు పైగా మేత తింటుంది, సగం వదిలేసిన రోజు డైరీలో కనపడాలి. ఫలానా లక్షణం ఉంది, బయటికి తీసుకెళ్లను అని యజమానికి వాట్సాప్‌లో పెట్టి, ఆ మెసేజ్ చెరపకుండా ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం దాన్ని ఎలక్ట్రానిక్ రికార్డుకు జతచేసే ధ్రువపత్రంతో కోర్టులో సాక్ష్యంగా పెట్టుకోవచ్చు.

అంకుశం గురించి కూడా చెప్పాలి. 1960 జంతు హింస నిరోధక చట్టంలో మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. అది చూసి తేలిగ్గా తీసుకోకండి. దెబ్బతో కన్ను పోయినా, కాలు చెడినా న్యాయ సంహిత సెక్షన్ 325 కింద 5 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం కూడా క్రూరత్వమే. యజమాని చెప్పాడు కాబట్టి కొట్టాను అంటే కోర్టు ఒప్పుకోదు.

మీ మూడో ప్రశ్నకు చట్టం మీ వైపే ఉంది. 1923 ఉద్యోగుల నష్టపరిహార చట్టం తన రెండో షెడ్యూలులో ఏనుగుల శిక్షణ, పోషణ, వాటితో పని అని పేరు పెట్టి మరీ రాసింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది, లెక్క కట్టే పద్ధతి అదే. మరణానికి నెల జీతంలో సగాన్ని, పూర్తి శాశ్వత వైకల్యానికి 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. 25 ఏళ్లకు గుణకం 216.91. జీతం 15,000 అని రుజువైతే మరణ పరిహారం 16,26,825 రూపాయలు. కాగితం మీద 8,000 అని మాత్రమే ఉంటే 8,67,640. చేతికి నగదు ఇస్తానన్న మాట వినడానికి బాగుంటుంది కానీ, ప్రమాదం జరిగిననాడు మీ అమ్మానాన్నలు సగం పోగొట్టుకునేది ఆ మాట వల్లే. జీతం బ్యాంకు ఖాతాలో పడాలి, నియామక పత్రంలో ఉద్యోగం పేరు మావటి లేక కావడి అని, ఏనుగు చిప్ నంబరుతో సహా ఉండాలి. మరణ పరిహారం అధికారి దగ్గర జమ చేయాలి. కర్మకాండల వేళ యజమాని మనిషి వచ్చి కొంత చేతిలో పెట్టి, ఇక క్లెయిము లేదని సంతకం అడిగితే పెట్టకూడదని ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి. మీరు తాగి ఉన్నారని తేలితే, మరణం, పూర్తి శాశ్వత వైకల్యం తప్ప మిగతా గాయాలకు పరిహారం ఎగ్గొట్టవచ్చు. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమాలో ఎటూ చేరండి.

శిబిరం పనికి ఉన్న బలం ఏమిటంటే ఏనుగు ప్రభుత్వానిది, సెక్షన్ 57 భయం ఉండదు. రామకుప్పం మండలం నన్యాలలో జయంత్, వినాయక్ అనే కుంకీలు చాలాకాలం ఉన్నాయి. 2025 మేలో కర్ణాటక మరో నాలుగు కుంకీలను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది, మీ పక్కనే ముసలిమడుగులో శిబిరం పెట్టారు. మేత కోయడం, కడగడం, పేడ ఎత్తడంతో మొదలుపెట్టి ఏళ్ల మీద మావటి అవుతారు. కానీ అక్కడా అపాయం తక్కువేమీ కాదు. 2023 అక్టోబరులో హైదరాబాద్ జూలోనే ఒక సంరక్షకుడు ఏనుగు దాడిలో చనిపోయాడు. ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నన్నాళ్లకు పర్మనెంటు అవుతామన్న లెక్క వేసుకోవద్దు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు తాత్కాలికంగా పనిచేసినంత మాత్రాన క్రమబద్ధీకరణ హక్కు రాదని చెప్పింది. 2024 డిసెంబరులో జగ్గో కేసులో ఏళ్ల తరబడి శాశ్వత స్వభావం గల పని చేసినవాళ్లకు ఊరట ఇచ్చింది. అది పనికొచ్చేది హాజరు రికార్డు, జీతం రసీదులు దాచుకున్నవాళ్లకే.

ప్రైవేటు కొలువు ఒక్క ఏనుగు మీద నిలిచేది. మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా నాందణి మఠంలో ఉన్న మహాదేవి అనే ఏనుగును 2025 జూలైలో కోర్టు తీర్పుతో గుజరాత్‌లోని జామ్‌నగర్‌కు తరలించారు. ఏనుగు వెళ్లిపోతే ఆ చోట మావటికి పని ఉండదు. జూలలో అవకాశాలు కూడా తక్కువే, ఏనుగులను జూల నుంచి శిబిరాలకు తరలించమని కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2009లోనే ఆదేశించింది.

నా సలహా శిబిరమే, జీతం తక్కువైనా సరే. చేరే ముందు ఏజెన్సీని పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు అడగండి, మీకు క్షయ పరీక్ష చేయించండి. ఆ జబ్బు మనిషి నుంచి ఏనుగుకూ, ఏనుగు నుంచి మనిషికీ అంటుకుంటుంది. చేరిన రోజు ఫలితం చేతిలో ఉంటే, తర్వాత మీకు సోకితే అది పనిలో వచ్చినదేనని వాదించడానికి ఆధారం అదే అవుతుంది.