భూగర్భ మీథేన్ జీవుల వ్యాసం అందిన తరువాత

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది. అయితే రెండో పేజీలో "భూగర్భపు చీకట్లో ఆబగా మీథేన్‌ను మింగేస్తున్న రాక్షస సూక్ష్మజీవులు" అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి కాగితాలు పక్కన పెట్టేశాను. మింగడానికి అక్కడ వాటికి దక్కేదెంతో లెక్క చూసుకున్నావా? మీథేన్ ఆక్సిజన్‌తో కలిసి మండితే ఒక మోల్‌కు 800 కిలోజౌళ్లకు పైగా శక్తి వస్తుంది. గాలి సోకని లోతుల్లో ఆక్సిజన్‌కు బదులు సల్ఫేట్‌తో సరిపెట్టుకునే ఈ జీవులకు ముట్టేది సుమారు 20 నుంచి 40 కిలోజౌళ్లు మాత్రమే. దాన్ని కూడా మీథేన్‌ను విడగొట్టే ఆర్కియా (బాక్టీరియాలాగా ఏకకణ జీవులే గాని, వేరే వంశానివి), సల్ఫేట్‌ను సల్ఫైడుగా మార్చే బాక్టీరియా పంచుకోవాలి. అందుకే ప్రయోగశాలలో అన్నీ అమర్చిపెట్టినా ఒక కణం రెండు కావడానికి నెలలు పడుతుంది. ఇంతటి పేద కాపురాన్ని నువ్వు రాక్షసుల విందుగా వర్ణించావు.

నాకొక పట్టుదల ఉంది, ముసలి చాదస్తమనుకున్నా సరే. సైన్సు రాసేవారు ఏ సంగతి చెప్పినా అది ఎలా తెలిసిందో కూడా చెప్పి తీరాలి. సముద్రపు అడుగు బురదను గొట్టంతో నిలువుగా తీసి పై నుంచి కొలుచుకుంటూ పోతే, సల్ఫేట్ తగ్గుతూ తగ్గుతూ ఒక లోతులో దాదాపు సున్నా అవుతుంది. కింది నుంచి పైకి వచ్చే మీథేన్ కూడా సరిగ్గా ఆ పొరలోనే మాయమవుతుంది. 1970లలో భూరసాయన శాస్త్రజ్ఞులు గ్రాఫు మీద ఈ రెండు గీతలను చూసే, అక్కడ ఏదో జీవి మీథేన్‌ను ఖర్చు చేస్తోందన్నారు. ఆ జీవిని ఎవరూ పెంచి చూపలేకపోవడంతో సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మలేదు. 1999లో ఉత్తర కాలిఫోర్నియా తీరాన, ఈల్ నది బేసిన్ అడుగు బురదలో ఆర్కియాకే ప్రత్యేకమైన కొవ్వు అణువులు దొరికాయి. వాటిలో కార్బన్-13, అంటే మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన ఐసోటోపు (అదే మూలకపు మరో రూపం) వాటా విపరీతంగా తక్కువ. మీథేన్ కార్బన్‌లో ఆ బరువైన ఐసోటోపు ఎప్పుడూ తక్కువే కనుక, ఆ కొవ్వు మీథేన్‌తో కట్టుకున్నదే అయి ఉండాలి. మరుసటి ఏడు జర్మన్ సముద్ర శాస్త్రజ్ఞురాలు ఆంట్యె బోయెటియుస్ బృందం ఒరెగాన్ తీరంలోని హైడ్రేట్ రిడ్జ్ బురదలో కణాలకు మెరిసే గుర్తులు అంటించి మైక్రోస్కోపులో చూసింది. నడిమధ్య సుమారు నూరు ఆర్కియా కణాల ముద్ద, దాని చుట్టూ పెంకులాగా సల్ఫేట్ బాక్టీరియా కనిపించాయి. ఇంత కథ ఉండగా నీ వ్యాసంలో చివరి ఫలితం ఒక్కటే, అదీ ఒక్క వాక్యంలో ఉంది.

తప్పంతా నీ మీద వేయను. ఒకప్పుడు ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి ఐసోటోపుల గురించి రాసి ఇస్తే, సంపాదకుడు "ఇదంతా చదివితే పాఠకుడు పారిపోతాడండీ" అంటూ కొలిచిన పద్ధతి చెప్పే పేరాలన్నీ కోసేసి, మిగిలిన దానికి "మీకు తెలుసా?" అని శీర్షిక పెట్టి, పక్కన గ్రహాంతరవాసి బొమ్మ వేయించాడు. పారిపోయిన పాఠకుడు నాకింతవరకూ ఎదురుపడలేదు గాని, ఆ కోతలకు అలవాటుపడి తామే ముందుగా కోసుకుని పంపే రచయితలు మాత్రం చాలామంది తగిలారు. నువ్వూ ఆ దారిలోనే ఉన్నావని అనుమానం.

"ఇవి భూతాపాన్ని ఆపేస్తాయి" అన్న ముగింపు కొట్టెయ్యి. సముద్రం అడుగున పైకి వచ్చే మీథేన్‌లో అత్యధిక భాగం నీటిని చేరకముందే వీటివల్ల ఖర్చవుతూనే ఉంది; అంత నెమ్మదిగా పెరిగేవాటిని మన అవసరానికి తొందరపెట్టలేం. కృష్ణా-గోదావరి బేసిన్ ప్రస్తావన మాత్రం ఉంచు. 2006లో జాయ్‌డెస్ రిజల్యూషన్ నౌక అక్కడ తవ్వినప్పుడు బంకమట్టి పగుళ్లలో సుమారు 130 మీటర్ల మందాన మీథేన్ హైడ్రేట్, అంటే మీథేన్‌ను తనలో బంధించుకున్న మంచులాంటి గడ్డ, బయటపడింది. ఆ రెండు గీతల గ్రాఫును మన తీరానికి అన్వయించి చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

పారితోషికం గురించి, పుస్తకంగా వేసే ప్రచురణకర్తల గురించి నువ్వు అడిగినవాటికి ఇప్పుడు జవాబు రాయను. ముందు జపాన్ పేరా సరిచెయ్యి. మిజునామి భూగర్భ ప్రయోగశాలను తవ్వింది అణువ్యర్థాలను పాతిపెట్టే పరిశోధనలో భాగంగా, రాతి పొరల స్వభావం తెలుసుకోవడానికి. అక్కడ 300 మీటర్ల లోతున గ్రానైట్‌లోకి దించిన బోరు నీటిలో మీథేనోపెరెడెన్స్ కుటుంబపు ఆర్కియాదే పైచేయి అని 2018లో ప్రకటించారు. ఆ నీటిలోని కణాలకు కార్బన్-13తో గుర్తుపెట్టిన మీథేన్ ఇచ్చి కొన్నాళ్లు ఉంచితే, ఆ గుర్తు నీటిలో కరిగిన కార్బొనేట్‌లోకి చేరింది; మీథేన్ ఖర్చవుతోందని తేలింది అలాగే. ఇదే కుటుంబంలో కొన్ని జీవులు నైట్రేట్‌తో పని నడుపుకుంటాయి. ఈ బోరు జీవి జన్యువుల్లో మాత్రం అందుకు కావలసిన ఎంజైములు లేవు, మీథేన్‌ను విడగొట్టినప్పుడు వెలువడే ఎలక్ట్రాన్లను బయటికి దాటించడానికి సముద్రపు జీవులు వాడే పెద్ద సైటోక్రోములూ (ఎలక్ట్రాన్లను మోసే ప్రోటీన్లు) లేవు. మరి ఎలక్ట్రాన్లు సల్ఫేట్ బాక్టీరియాకు ఏ దారిన చేరుతున్నాయి? పరిశోధకులు తెరిచి ఉంచిన ఆ ప్రశ్నను నువ్వు "ప్రకృతి వింత" అని మూసేశావు. ఈ ఒక్క బోరు మీదే వ్యాసమంతా తిరగరాసి పంపు. దక్షిణాఫ్రికా బంగారు గనుల పేజీలు తీసి వేరే వ్యాసానికి దాచుకో.