రావులపాలెంలో దిగాక నీ కాలిని నమ్మకు తల్లీ

అమ్మలూ,

ఫ్యామిలీ గ్రూపులో నువ్వు పెట్టిన చలాను ఫొటో చూశాను. ఏలూరు దాటాక హైవే మీద గంటకి 118 కిలోమీటర్ల వేగంతో పోతున్న నీ తెల్లకారు, నంబరు ప్లేటు స్పష్టంగా. నీ తమ్ముళ్ళు చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఈసారి కెమెరాలు ముందే చెప్పే యాప్ వేసుకుంటానని, సంక్రాంతికి ఆఫీసు అయ్యాక బయల్దేరి తెల్లారేసరికి ఇంట్లో ఉంటానని రాశావు. మన ఇళ్ళల్లో సొంత జీతంతో కారు కొని హైదరాబాద్ నుంచి కోనసీమకి ఒక్కతే నడుపుకొచ్చిన ఆడపిల్లవి నువ్వే. ఆ మాట అంబాజీపేటలో కనిపించిన ప్రతి మనిషికీ చెప్పుకున్నాను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు చలాను సంగతి తేల్చేద్దాం. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కకు. APK అనే యాప్ ఫైలు దించుకోమంటే అసలు ముట్టుకోకు, దొంగ చలాన్ల పేరుతో ఖాతాలు ఖాళీ చేస్తున్నారు. కేంద్ర రవాణా శాఖ పరివాహన్ వాళ్ళ ఈ-చలాన్ సైటు నువ్వే తెరిచి, బండి నంబరు కొట్టి, తేదీ, టైము, ఫొటో అన్నీ నీవేనా చూసుకో. కాకపోతే ఫిర్యాదు పెట్టు, నీవే అయితే కట్టేయ్. నాన్చితే కోర్టుకి వెళ్తుంది. తెలిసిన ఎస్సైతో చెప్పిస్తానని మీ మావయ్య అంటాడు, ఒప్పుకోకు.

2019లో చట్టం మార్చకముందు మొదటిసారి దొరికితే జరిమానా 400 దాటేది కాదు. ఇప్పుడు కారుకి 1000 నుంచి 2000 దాకా. నా జీతానికి అదొక లెక్కా అంటావు, నాకు తెలుసు. ఖాళీ రోడ్డు మీద 100 అయితే ఏంటి, 118 అయితే ఏంటి అని కూడా అంటావు. నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకి 100 అని కేంద్రం 2018లో పెట్టింది, అంతకన్నా తగ్గించి బోర్డు పెడితే బోర్డుదే లెక్క. అయినా వచ్చే లాభం ఎంత? నూరు కిలోమీటర్లు 100లో వెళ్తే గంట, 120లో వెళ్తే 50 నిమిషాలు. మిగిలిన ఆ పది నిమిషాలూ పండగ రద్దీలో కలపర్రు టోల్‌గేటు దగ్గరే పోతాయి.

నా టెన్షన్ హైవే గురించి కాదు, హైవే దిగాక. కొబ్బరి లోడు లారీలు నడిపి బతికినవాణ్ణి, చెప్తున్నాను విను. నాలుగైదు గంటలు ఒకే ఊపున వస్తే ఆ వేగం కంటికీ కాలికీ అలవాటైపోతుంది. రావులపాలెంలో దిగి కొత్తపేట రోడ్డెక్కాక 70లో పోతున్నా పాకుతున్నట్టే ఉంటుంది. ఆ 70లో కూడా బండి సెకనుకి 19 మీటర్లు పోతుందమ్మా. నువ్వు చూసి బ్రేకు తొక్కేలోపే అంత దూరం అయిపోతుంది, ఆ తర్వాతే బండి ఆగడం మొదలుపెడుతుంది. చీకటితో ఆ రోడ్డు మీద ఎవరుంటారు? సైకిలుకి అటూ ఇటూ అరటి గెలలు కట్టుకుని మార్కెట్‌కి తోసుకుపోయే ముసలాయన, వెనక లైటు లేని ట్రాక్టరు, గట్టు దిగొచ్చే గేదెలు. ఓ పక్క కాలవ. పైగా పండగ రోజుల మంచు, పందెం బరుల దగ్గర రోడ్డు మీదే ఆపేసిన కార్లు.

మీ నాన్న నీకిది చెప్పి ఉండడు, నేనే చెప్తున్నాను.

అప్పటికి వాడికి పెళ్ళి కాలేదు, కొత్తగా యమహా ఆర్ఎక్స్ 100 కొన్నాడు. ద్రాక్షారామం వైపు పనిమీద వెళ్ళి, కోటిపల్లి రేవులో గోదావరి దాటించే ఆఖరి పంటు, అదే పెద్ద పడవ, అందుకోవాలని మునిమాపు వేళ తొందరపడ్డాడు. ఎదుర్లంక వంతెన ఇంకా లేదు, పంటు తప్పితే రావులపాలెం మీదుగా చుట్టూ తిరిగి రావాలి. పెద్దరోడ్డు మీద ఎంత వేగంతో వచ్చాడో కాలవగట్టు మీదా అదే వేగం. మాసూళ్ళ రోజులు. సగం రోడ్డు మేర ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పెట్టారు. రోడ్డు మీద ఆరబోయడం తప్పే, కానీ కౌలు రైతుకి కళ్ళం ఎక్కడుంటుంది? వాడు రాయిని తప్పించాడు గానీ టైరు గింజల మీద పడింది. గింజల మీద ఇక బ్రేకు ఎక్కడ పట్టుద్ది? రాశి పక్కన గోనె పరుచుకుని కాపలా పడుకున్న రైతు కాలు విరిగింది. మీ నాన్నకి మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే.

ఆ రోజు నేను లారీతో రామచంద్రపురంలోనే ఉన్నాను. కబురు తెలిసి వెళ్ళేసరికి ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. భార్య మాత్రం లాంతరు పెట్టుకుని రోడ్డు మీదే కూర్చుంది. ధాన్యమంతా చెల్లాచెదురైంది, మంచు పడకముందే ఎత్తకపోతే తేమ పట్టి మిల్లువాళ్ళు ధర తగ్గిస్తారు. మమ్మల్ని తిట్టలేదు. నెత్తురు అంటిన గింజల్ని గుప్పెడు గుప్పెడు ఏరి విడిగా చేటలో పోస్తోంది. పారెయ్యమ్మా అన్నాను. "కడిగి ఆరబెడితే కోళ్ళకైనా వస్తాయి బాబూ" అంది. నేను చీపురు తీసుకుని ఊడ్చాను. మీ నాన్న గోనె పట్టుకున్నాడు. చేతులు వణికి మూతి నిలవక, పోసిన గింజలు మళ్ళీ కిందే పడుతున్నాయి.

ఆ మనిషి రెండో పంట దాళ్వాకి కౌలు వదిలేశాడు. మళ్ళీ పొలంలో దిగి పని చెయ్యలేకపోయాడు. మీ నాన్న బండి అమ్మి ఆసుపత్రి ఖర్చు పెట్టాడు. ఏటా పండగ ముందు ఎవరికీ చెప్పకుండా ఒకపూట ఎక్కడికో వెళ్ళొస్తాడే, అక్కడికే. వాళ్ళు పల్లెత్తు మాట అనలేదు, వాడికి అదే ఇంకా భారం. నీ చలాను ఫొటో కింద వాడొక్కడే ఏమీ పెట్టలేదు, చూశావా?

చాదస్తం అనుకున్నా సరే, రాత్రి బయల్దేరకు. రోజంతా పనిచేసి స్టీరింగు పడితే తెల్లవారుజామున కళ్ళు తెరుచుకునే నిద్రపోతాం. టీ తాగినా పాటలు పెట్టినా అద్దం దించినా ఆగదు, పక్కకి ఆపి పడుకోవడమే మందు. హాయిగా పడుకుని తెల్లవారి ఐదింటికి బయల్దేరు, భోజనం కాస్త ఆలస్యమైనా నీ కోసం ఆగుతాం. ఆ యాప్ తీసెయ్. కెమెరా కనబడగానే గభాల్న బ్రేకు కొట్టి, దాటగానే ఎగబడే కార్ల వెనక లోడు లారీ ఆపడం ఎంత కష్టమో నాకు తెలుసు. రావులపాలెంలో పావుగంట ఆగి కాసేపు నడువు. అక్కణ్ణుంచి నీ అంచనా వద్దు, మీటరు చూసుకో, 50 దాటకు. వెనకవాడు హారన్ కొడితే దారి ఇచ్చేయ్, నీ సొమ్మేం పోదు.

టైర్లలో గాలి చూపించు, స్పేర్ టైరుతో సహా. మీ పెద్దమ్మ ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించింది, నువ్వొచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వదట.

మీ నాన్న ఆ ఊరు వెళ్ళే రోజు నీకు ముందే చెప్తాను. ఈసారి నువ్వు తీసుకెళ్ళు.

మీ పెదనాన్న