నాన్న పక్కనే ఉన్నా భయమే

ప్రశ్న: మాది కర్నూలు. పోయినేడు అమ్మ పోయింది. నాన్నకు 74 ఏళ్లు. ఆయన పక్కన కూర్చున్నా ఈయన ఇంకెన్నాళ్లుంటారో అన్న టెన్షన్‌తో ఆయన చెప్పే ఒక్క మాటా చెవికెక్కడం లేదు. ఈ భయం పోయేదెలా?

జవాబు: పూర్తిగా పోతుందని చెప్పను తల్లీ, అమ్మ పోయి ఏడాదే కదా. సంగమేశ్వరం గుడికి ఎప్పుడైనా వెళ్లారా? 2022 దాకా మీ జిల్లానే, ఇప్పుడు నంద్యాలలోకి వెళ్లింది. శ్రీశైలం జలాశయం వల్ల ఆ గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది, వేసవిలో కృష్ణ తగ్గితే బయటపడుతుంది, అప్పుడు బురద కడిగి అక్కడి వేపమొద్దు శివలింగానికి పూజలు మొదలుపెడతారు, మళ్లీ నీళ్లు గుడిలోకి వచ్చేదాకా చేస్తూనే ఉంటారు. మునుగుతుందని తెలిసే దీపం పెడతారు. అది తలుచుకుంటే నాకు గుండె నిండిపోతుంది.

రేపు పొద్దున ఉగ్గాని, బజ్జీ తెచ్చుకుని, ఫోన్ లోపల పెట్టేసి నాన్నగారితో కూర్చోండి. పెళ్లయిన కొత్తలో అమ్మ ఎలా ఉండేదో ఆయన్నే అడగండి. ఇద్దరికీ ఏడుపొస్తే రానివ్వండి. ఆయన మందులు, చెకప్ తేదీలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటిస్తే సగం టెన్షన్ ఆ కాగితమే మోస్తుంది. రాత్రుళ్లు నిద్ర కూడా పట్టడం లేదంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి.