ఆరుసార్లు ఎక్కితే ఒకటి ఉచితమా, పదిసార్లకు ఒకటా? నా ఆరో ప్రయాణం అడగండి చెబుతాను

మీరడిగింది ఇదీ: ఒక ఎయిర్‌లైన్ 90 రోజుల్లో ఆరుసార్లు ఎక్కితే ఒక టికెట్ ఉచితం అంటోంది, ఇంకొకటి ఏడాదిలో పదిసార్లు ఎక్కితే ఒకటి ఉచితం అంటోంది, పని మీద నెలకోసారి వెళ్లివచ్చే మనిషికి ఏది లాభం అని.

పదిసార్లదే తీసుకోండి. లెక్క వేస్తే ఆరుసార్లదే బాగుందనిపిస్తుంది, నాకు తెలుసు. ఆరు కొని ఏడు ఎక్కుతారు కాబట్టి ఏడింట ఒకటి, అంటే 14 శాతం పైచిలుకు తగ్గింపు. రెండోదాంట్లో పదకొండింట ఒకటి, 9 శాతం. (పది కొంటే ఒకటి ఉచితమంటే 10 శాతం తగ్గింపు అని చాలామంది అనుకుంటారు, కాదు.) కాగితం మీద తేడా ఎక్కువే. నేనూ ఈ లెక్కే వేసుకుని, భుజం చరుచుకుని, బోల్తా పడ్డాను.

ఆ ఏడాది ఒక ప్రాజెక్టు మీద నెలకోసారి వేరే ఊరు వెళ్లి రావాల్సి వచ్చింది. సరిగ్గా మీ పరిస్థితే. వెళ్లడం ఒకటి, రావడం ఒకటి, మూడు నెలలకు ఆరు. ఆఫర్ కూడా అంతే: 90 రోజులు, ఆరు ప్రయాణాలు. నా కోసమే పెట్టారనుకున్నాను. విజిటింగ్ కార్డు వెనక పెన్నుతో గీతలు గీసుకుంటూ వచ్చాను, ఒక్కో ప్రయాణానికి ఒక్కో గీత. నాలుగోసారికి ఇంకో ఎయిర్‌లైన్‌లో నాకు వీలైన టైముకి, తక్కువ ధరకి టికెట్ దొరుకుతున్నా వద్దనుకుని, తెల్లవారుజామున లేచి మరీ వీళ్ల విమానమే ఎక్కాను. గీత పోతుందని! అక్కకి కూడా చెప్పేశాను, ఈసారి నీ ప్రయాణం నా ఖాతాలో అని.

ఆరో ప్రయాణం సరిగ్గా ఆఫర్ చివరి రోజున పడింది. రాత్రి 9:50 విమానం. ఎనిమిదిన్నరకే గేటు దగ్గర కూర్చున్నాను, ఛార్జింగ్ సాకెట్ పక్కన కుర్చీ పట్టుకుని. బోర్డు మీద 9:50 కాస్తా 10:30 అయింది. మామూలే కదా అనుకున్నాను. 11:15 అయింది. అప్పుడు టెన్షన్ మొదలైంది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఇంటికెప్పుడు చేరతామా అని చూస్తుంటే, నేను ఒక్కణ్ణే గడియారంలో 12 వైపు చూస్తున్నాను. 12:05 అని బోర్డు మారగానే లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లాను.

"టికెట్ మీద తేదీ ఈరోజుదే కదండీ, లెక్కలోకి వస్తుంది కదా?" అన్నాను. ఆ అమ్మాయికి నేను దేని గురించి అడుగుతున్నానో మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పాపం మర్యాదగానే చెప్పింది: "అది మాకు ఇక్కడ కనిపించదండీ, కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి." నా వెనక చంకలో పసిపాపతో నిలబడ్డ ఒకాయన నన్ను చూసిన చూపు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. విమానం అర్ధరాత్రి దాటాక 20 నిమిషాలకు కదిలింది. ఆరో గీత గీయాలా వద్దా అని కార్డు పట్టుకుని కూర్చున్నాను, చివరికి గీసేశాను.

మూడు రోజుల తర్వాత మెయిల్ వచ్చింది. "అభినందనలు! మీరు 6లో 5 ప్రయాణాలు పూర్తి చేశారు. ఇంకొక్కటే!" అప్పటికి ఆఫర్ ముగిసి మూడు రోజులు.

ఆలస్యం చేసింది వాళ్లు. నేను టైముకే ఉన్నాను. ఇదే రాశాను. గడువులోగా ప్రయాణం పూర్తి కావాలని నిబంధన ఉందని జవాబు. మళ్లీ రాశాను. ఈసారి బోర్డింగ్ పాస్ ఫొటో పంపమన్నారు. దాన్ని పర్సులో జాగ్రత్తగానే దాచాను. తీసి చూస్తే తెల్ల కాగితం! యంత్రంలో ముద్రించి ఇచ్చే ఆ పాసులు వేడికి నల్లబడే థర్మల్ కాగితం, సిరా ఉండదు. పర్సులో ప్లాస్టిక్‌కి, చేతి జిడ్డుకి అంటుకుని ఉంటే అక్షరాలు వెలిసిపోతాయి. నా పేరులో మొదటి రెండక్షరాలు, సీటు నంబర్లో ఒక అంకె మిగిలాయి. కాబట్టి ఏ ఎయిర్‌లైన్ అయినా సరే, పాస్ చేతికి రాగానే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఈ ఒక్క మాట కోసమైనా ఈ జవాబు చదివినందుకు మీకు నష్టం ఉండదు.

చివరికి సర్దుబాటు కింద కొన్ని పాయింట్లు వేశారు. అవి దేనికీ చాలలేదు, కొన్నాళ్లకు గడువు తీరి పోయాయి కూడా. ఈ గొడవలో నిబంధనల పేజీ మొత్తం మొదటిసారి చదివాను. అందులో పదకొండో పాయింటో పన్నెండో పాయింటో: ఉచిత టికెట్ సభ్యుడి పేరు మీదే ఇస్తారు, వేరెవరికీ బదిలీ చేయరు. అంటే ఆ విమానం టైముకి బయల్దేరి ఉన్నా అక్క ఎక్కేది కాదు! ఆవిడేమో ఫోన్ చేసినప్పుడల్లా "నీ ఫ్రీ టికెట్ ఏమైందిరా?" అని.

ఉచితం అన్న మాట మీద కూడా నాకు కోపం ఉంది. చాలా ఆఫర్లలో ఉచితమయ్యేది బేస్ ఫేర్, అంటే టికెట్ అసలు ధర, ఒక్కటే. పన్నులు, విమానాశ్రయ ఛార్జీలు మీరే కట్టాలి. చిన్న దూరాల చవక టికెట్లలో ఆ పన్నుల వాటా తక్కువేమీ కాదు, అంచేత 14 శాతం అనుకున్నది చేతికి వచ్చేసరికి ఎంతకో దిగిపోతుంది. అన్ని టికెట్లూ లెక్కలోకి రావు, అందరికంటే చవగ్గా కొన్న టికెట్ చాలాచోట్ల పనికిరాదు. ఆఫీసులో టికెట్లు బుక్ చేసేవాళ్లేమో సరిగ్గా అవే కొంటారు! పైగా మన పేరులో ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక వేస్తారు, ఖాతాలో ఉన్న పేరుతో కలవక ఆ ప్రయాణం గాల్లో కలిసిపోతుంది.

నిజానికి ఎన్నిసార్లు ఎక్కారో లెక్కపెట్టి టికెట్ ఇవ్వడం అన్న పద్ధతి అంటే నాకు ఇష్టమే. అన్నిట్లోకీ నిజాయితీ గలది అదే అంటాను. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో మొదలుపెట్టిన పథకం మైళ్లు లెక్కపెట్టేది, దూరం తిరిగేవాడికే పంట. అమెరికాలోదే సౌత్‌వెస్ట్ అనే ఎయిర్‌లైన్ 1987లో పెట్టినది దూరాన్ని పట్టించుకోలేదు, ఎన్నిసార్లు ఎక్కావన్నదే చూసింది. తర్వాత చాలా ఏళ్లు వాళ్ల లెక్క ఎనిమిదిసార్లు వెళ్లివస్తే ఒకసారి వెళ్లిరావడం ఉచితం. తొమ్మిదింట ఒకటి, 11 శాతం. వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. 2011లో వాళ్లూ దాన్ని ఎత్తేసి, టికెట్‌కి పెట్టిన డబ్బును బట్టి పాయింట్లకు మారిపోయారు. అక్కడి ఎయిర్‌లైన్లే డెల్టా, యునైటెడ్ 2015లో, అమెరికన్ 2016లో ఎగిరిన మైళ్లు లెక్కపెట్టడం వదిలి అదే దారి పట్టాయి. సొంత డబ్బుతో ఆచితూచి చవక టికెట్ కొనేవాడికి అక్కడితో సరి. ఇప్పుడు మీరు చెప్పినలాంటి ఆఫర్లు అప్పుడప్పుడూ, కొన్నాళ్లకే వస్తాయి.

వాటికి అంత బిగువు గడువు ఎందుకంటే, చాలామంది చివరిదాకా రాకూడదనే. ఇందులో నాకు అనుమానమే లేదు. అందరూ వస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో వాక్యూమ్ క్లీనర్లు అమ్మే హూవర్ కంపెనీని అడగాలి. 1992లో వంద పౌండ్ల సామాను కొంటే రెండు విమాన టికెట్లు ఉచితం అన్నారు, ఫారాలు నింపలేక జనం మధ్యలో వదిలేస్తారనుకున్నారు. జనం వదల్లేదు. వాక్యూమ్ క్లీనర్ అక్కర్లేనివాళ్లు కూడా టికెట్ కోసం కొన్నారు. కంపెనీకి దాదాపు ఐదు కోట్ల పౌండ్ల దెబ్బ. ఎయిర్‌లైన్స్ వాళ్లు అంత అమాయకులు కాదు.

ఇక మీ విషయానికి. నెలకోసారి వెళ్లివస్తే 90 రోజుల్లో మీకు పడేవి సరిగ్గా ఆరే. ఒక మీటింగ్ వారం వెనక్కి జరిగినా, ఒక్క విమానం ఆలస్యమైనా మీరూ నాలాగే "ఇంకొక్కటే!" చదువుకుంటారు. ఏడాదిలో మీకు 24 పడతాయి, పది కావాలన్నా సగానికి పైగా వెసులుబాటు. అన్నట్టు, వాళ్లు ప్రయాణం అంటున్నది ఒక వైపా, రానూపోనూ కలిపి ఒకటా చూసుకోండి. రానూపోనూ ఒకటిగా లెక్కేస్తే ఆరుసార్ల ఆఫర్ మీకు ఎలాగూ అందదు. మొదటి ప్రయాణానికి ముందే ఆఫర్‌లో నమోదు చేసుకోవాలేమో కూడా చూడండి. అది మరిచిపోయి మా ఆఫీసులో ఒకతను ఏకంగా నాలుగు ప్రయాణాలు పోగొట్టుకున్నాడు.

ఉచిత టికెట్ ఇంకొకరి పేరు మీద తీసుకోవచ్చో లేదో మీరు రాయలేదు. రెండిట్లో ఒక్కదాంట్లోనే ఆ వీలుంటే, అది ఆరుసార్లదైనా సరే, పైనంతా కొట్టేసి దానికే వెళ్లమంటాను. కాకపోతే ఆరోది చివరి రోజు రాత్రి విమానానికి మాత్రం పెట్టుకోకండి.