ఆయన లేకుండా ఆ పాటలు వినడానికి వెళ్లనా?

ప్రశ్న: మాది న్యూజెర్సీ. నాకు 67 ఏళ్లు. మావారు వరంగల్ ఆర్‌ఈసీలో చదివి 1970ల్లో ఇక్కడికొచ్చారు. రూమ్మేట్ల వల్ల అలవాటైన రాక్ పాటలంటే ఆయనకి ప్రాణం. కారెక్కితే 101.1 సీబీఎస్ ఎఫ్‌ఎం మోగాల్సిందే. ఆయన పోయి పద్దెనిమిది నెలలు. అప్పట్నుంచీ కారులో రేడియో పెట్టలేదు. బ్యాంకులో నాతో ఇరవై ఏళ్లు పనిచేసిన అమెరికన్ స్నేహితురాలు న్యూయార్క్ రాష్ట్రంలో బెతెల్ ఉడ్స్ అనే సంగీత వేదికలో పాత బ్యాండ్ల కాన్సర్ట్‌కి టికెట్లు కొని రమ్మంటోంది. ఆ చోటు చూడాలని మావారికి ఎంతో ఉండేది, కుదర్లేదు. అబ్బాయి "ఇప్పుడు అవసరమా అమ్మా?" అన్నాడు. విజయవాడ నుంచి ఆడపడుచు "ఈ వయసులో ఇవేంటి వదినా" అంది. వెళ్లాలనుంది, కానీ అందరి ముందూ ఏడ్చేస్తానేమోనని టెన్షన్.

జవాబు: వెళ్లండమ్మా. కానీ అంతకంటే ముందు మీ కారు రేడియో గురించి మాట్లాడాలి. ఏడాదిన్నరగా ఆ పాటల్ని మీరు దగ్గరికి రానివ్వలేదు. వేలమంది మధ్య, పెద్ద స్పీకర్ల ముందు వాటిని మొదటిసారి వింటే తట్టుకోవడం కష్టం. అందుకే ఈ వారంలోనే ఒక సాయంత్రం ఇంటి ముందు ఆపిన కారులో కూర్చుని ఒకే ఒక్క పాట వినండి. ఆ స్టేషన్‌లో ఇప్పుడు అరవైల పాటలు తక్కువే, ఆయన సీడీలుంటే అవి పెట్టుకోండి. ఏడుపొస్తే ఏడవండి. మర్నాడు ఇంకో పాట. 2005లో ఆ స్టేషన్ పాత పాటలు మానేసి, శ్రోతలు గొడవ చేశాక 2007లో మళ్లీ మొదలుపెట్టింది. ఆ రెండేళ్లూ మీవారు ఎంత విసుక్కున్నారో మీకు గుర్తుండే ఉంటుంది.

ఆ చోటు చూడాలని ఆయనకి ఎందుకంత కోరికో నేను ఊహించగలను. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ అనే పెద్ద రాక్ సంగీత ఉత్సవం జరిగిన పొలం అదే. నాలుగు లక్షలకు పైగా జనం వచ్చారు. మొదటి రాత్రి వర్షంలోనే రవిశంకర్ సితార్ వాయించారు. కాన్సర్ట్‌కి కాస్త ముందే వెళ్లి, పక్కనే ఉన్న మ్యూజియం చూసి, ఆ పొలం గట్టున కాసేపు కూర్చోండి.

దుఃఖంలో ఉన్నవాళ్లు ఎప్పుడూ దుఃఖంలోనే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 1999లో దీని గురించి వివరంగా రాశారు. మనిషి కాసేపు పోయినవారి తలపుల్లోకి, కాసేపు బతుకు పనుల్లోకి అటూ ఇటూ తిరుగుతూనే కోలుకుంటాడని వాళ్లు చెప్పారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నేను రోజూ చూసేది కూడా ఇదే. మీకు ఆ ఒక్కరోజులోనే రెండూ జరగొచ్చు.

మీ స్నేహితురాలితో ముందే చెప్పండి: "మధ్యలో ఏడుస్తానేమో, ఓదార్చొద్దు, పక్కన కూర్చో చాలు" అని. మీవారి పేరెత్తితే మీరు బాధపడతారని ఆవిడ కూడా సందేహిస్తూ ఉండొచ్చు. నడవా పక్క సీటయితే లేచి బయటికి వెళ్లడం తేలిక. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్లండి. శబ్దం వంద డెసిబెల్స్ ఉంటే పావుగంట దాటినా చెవులకి మంచిది కాదు. కొండ ప్రాంతం కాబట్టి రాత్రి చలేస్తుంది, స్వెటర్ ఉంచుకోండి. తిరిగి రావడానికి రెండు గంటలకు పైనే డ్రైవింగ్, అలసటగా ఉంటే అక్కడే హోటల్లో ఆ రాత్రి ఉండిపోండి.

ఆడపడుచుది అన్నని పోగొట్టుకున్న బాధ. ఆవిడని ఒప్పించాల్సిన పని లేదు, మాట పట్టింపూ వద్దు.

మీ అబ్బాయి గురించి మాత్రం ఆలోచించండి. చిన్నప్పట్నుంచీ వెనక సీట్లో కూర్చుని ఆ పాటలన్నీ విన్నాడు కదా. "ఇప్పుడు అవసరమా" అన్నప్పుడు బహుశా వాడికీ అవి వినే ధైర్యం లేదేమో. అనుమతి అడగకుండా, వెళ్తున్నానని చెప్పండి. చెప్పాక, నాన్న ఏ పాటకి స్టీరింగ్ మీద దరువు వేసేవారో గుర్తుందా అని అడగండి.